నూటికి నూరు వేళ్ళు

మా సంఘం వాళ్ళను ఎడమచేతి చూపుడు వేలు చూసి గుర్తుపట్టవచ్చు. గోరు మీద నల్లటి పట్టీ ఉంటుంది. గోరు పెరిగేకొద్దీ అది ముందుకు జరుగుతూ ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళకు దాదాపు చివరికి వచ్చేసింది. నాది ఇంకా నడిమధ్యనే ఉంది. ముసలి గోళ్ళు ముసలి కాళ్ళలాగే నడుస్తాయి. ఇదేమిటి సాలోమమ్మా అని అడిగినవాళ్ళకు ఇన్నాళ్ళూ ఓటు గుర్తు అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. అయితే నిజం ఎంత ఉందో మీరే చూడండి.

ముందు నా సంగతి. నేను బడికి వెళ్ళలేదు. మా ఆయన కొట్టు నుంచి తెచ్చే బెల్లం, చింతపండు పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని, చదవడం నేర్చుకున్నాను. అందువల్ల నాకు చాలా కథలు తెలుసు గాని ఏ కథకీ చివర ఏమైందో తెలియదు. కాగితం అక్కడ చిరిగిపోయేది. బహుశా దానివల్లనే కావచ్చు, ఏదైనా సగంలో తెగిపోతుందంటే నాకు గుండెదడ. బస్సు కదిలితే దడ. చుట్టాలు సంచీ సర్దుకుంటే దడ. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి వెళ్ళిపోతుంటే కూడా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతానని మా తోడికోడలు దీనమ్మ పేటంతా చెప్పి నవ్విస్తుంది. ఒక్కసారే ఊపాను.

మా ఆయన పేరు ఆశీర్వాదం. కాలవ మీద లస్కరు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్లకు గండి పడకుండా కాపలా తిరగడం ఆయన ఉద్యోగం. బతుకంతా నీళ్ళ పక్కనే గడిపినా ఆయనకు ఈత రాదు. పోయినప్పుడు కాలవ అవతలి గట్టున మా సంఘం సమాధుల తోటలో పెట్టాం. పక్కన నాకు జాగా ఉంచమన్నాను. ఆ తరవాత వచ్చిన వరదకి కాలవ మీది చెక్క వంతెన కొట్టుకుపోయింది. చుట్టూ తిరిగి లాకుల మీదుగా వెళదామంటే రొయ్యల చెరువుల వాళ్ళు కంచె వేసేశారు. అప్పటినుంచి లాకులపేటలో మావాళ్ళు ఎవరు పోయినా ఇవతలి గట్టునే, రైసుమిల్లు వెనక, ఊక గుట్టల పక్కన పెడుతున్నారు.

నా భయం ఇది. చనిపోయినవాళ్ళంతా లేచే కడవరి బూర మోగగానే ఆయన ఆ గట్టున లేస్తాడు. నేను ఈ గట్టున ఊక దులుపుకుంటూ లేస్తాను. మధ్యలో కాలవ. ఆయనకు ఈత రాదు, నాకూ రాదు. ఈ చిక్కు మా పాస్టరు అయ్యగారి ముందు పెడితే, ప్రభువు చూసుకుంటాడమ్మా అన్నారు. ప్రభువు సముద్రాన్ని పాయలు చేసిన మాట నేనూ చదివాను. అది ఒక జనాంగం మొత్తం కోసం. ఒక్క ముసలిదాని కోసం మునిసిపాలిటీ కాలవను చీలుస్తాడన్న నమ్మకం నాకు కుదరలేదు.

ఇలా ఉండగా మా సంఘాలన్నిటి మీదా పెద్దదైన సినడు ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ సంవత్సరాన్ని విశ్వాసుల పౌరబాధ్యతా చైతన్య సంవత్సరంగా ప్రకటించారు. ఓటు వేయని విశ్వాసి సారం పోయిన ఉప్పు వంటివాడనీ, ప్రతి సంఘమూ రాబోయే ఎన్నికల్లో నూటికి నూరు శాతం ఓటింగు సాధించవలెననీ, అంతేగాక స్థానికంగా ఒక సామాజిక న్యాయ సమస్యను గుర్తించి దానిపై గళమెత్తి, మూడు నెలలకొకసారి నివేదిక పంపవలెననీ అందులో ఉంది. స్త్రీల సమాజంలో తడుముకోకుండా చదవగలదాన్ని నేనే గనక ఆదివారం ఆరాధనలో నాచేతే చదివించారు. చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది. చివరిదాకా చిరగని కాగితం కూడాను.

సమస్య చెప్పండి అని అడిగారు. నేను లేచి వంతెన అన్నాను. అంత పెద్దగా అంటానని నేనే అనుకోలేదు. అందరూ చేతులెత్తారు. అది ఏకగ్రీవమని అయ్యగారు ప్రకటించారు. ఇంటికి వెళ్ళి మా ఆయన ఫోటోతో, కాస్త ఓపిక పట్టు, పని మొదలైంది అన్నాను.

పని మొదలుపెట్టింది జ్ఞానప్రకాశం గారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. సంఘంలో కొత్తగా పెట్టిన సామాజిక న్యాయ సాక్ష్య విభాగానికి ఆయన్నే కన్వీనరుగా వేశారు. మొదటి సమావేశంలో ఆయన మాకు దారి గీసి చూపించారు. మన గమ్యం వంతెన. వంతెనకు దారి కౌన్సిలరు. కౌన్సిలరుకు దారి ఓటు. ఓటుకు దారి అలవాటు. అలవాటుకు దారి సాధన.

"కాబట్టి మనం సాధనతో మొదలుపెడదాం," అన్నారు.

ఇందులో తప్పు ఎక్కడుందో ఆరోజు ఎవరికీ కనబడలేదు. నాకైతే ఈరోజుకీ సరిగా కనబడదు. ఒక్కొక్క మాటా ఒప్పుగానే ఉంటుంది.

మరుసటి ఆదివారం నుంచి గుడిలో ఓటింగు సాధన మొదలైంది. అయ్యగారు అంగీ మార్చుకునే వెస్ట్రీ గదిలో అట్టపెట్టెలతో బూతు కట్టారు. ఊరికే ఓటు వేస్తే సాధన ఎలా అవుతుంది, దేనికో ఒకదానికి వెయ్యాలి కదా. అభ్యర్థుల పేర్లు పెడదామని ఒకరంటే జ్ఞానప్రకాశం గారు కళ్ళజోడు తీసి, సంఘం రాజకీయాలకు అతీతమైనది, దేవుని మందిరంలో అభ్యర్థుల పేరెత్తకూడదు అని మందలించారు. అందుచేత ముందు ఏ కీర్తన పాడాలని ఓటింగు పెట్టారు. ఆ తరవాత ప్రసంగం పొట్టిగా ఉండాలా పొడుగ్గా ఉండాలా అని పెట్టారు. పొట్టి ప్రసంగం ఎంత తేడాతో గెలిచిందంటే, సాంకేతిక కారణాల వల్ల ఫలితాన్ని నిలిపివేస్తున్నట్టు అయ్యగారే ప్రకటించాల్సి వచ్చింది. ఆరోజు ప్రసంగం మామూలుకంటే పొడుగ్గా నడిచింది.

సిరా ఆలోచన ఎవరిదని ఇప్పుడు అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు. నాదే. రెండో వారం ఓటు వేసి బయటికొస్తే చేతికి ఏమీ లేదు. వేసినట్టే అనిపించలేదు. చుక్క పెట్టకపోతే అది ఓటెలా అవుతుందండీ అని నేను మామూలుగా అడిగాను. జ్ఞానప్రకాశం గారి ముఖం వెలిగిపోయింది. కాలేజీ ప్రయోగశాలలో మూలపడి ఉన్న సిల్వర్ నైట్రేటు సీసా ఆయనకు గుర్తొచ్చింది. వచ్చే ఆదివారానికల్లా సిరా తయారైంది. చర్మం మీద కొన్నాళ్ళలో పోతుందనీ, గోటి మీద పడితే ఆ గోరు పెరిగి పోవలసిందేననీ, ప్రభుత్వం సిరా కంటే తన సిరా గట్టిదనీ ఆయన మైకులో చెప్పారు. మేం చప్పట్లు కొట్టాం. మొదటి చుక్క నాకే పెట్టారు. గౌరవంగా చెయ్యి చాచాను.

సిరా వచ్చాక సంఘం తీరే మారిపోయింది. చుక్క ఉన్నవాళ్ళు ముందు బల్లల్లోకి, లేనివాళ్ళు వెనక్కి వెళ్ళారు. తరవాత రొట్టె, రసం పుచ్చుకునే ప్రభు బల్లకు కూడా వేలు చూపించి రావాలన్నారు. అయ్యగారు కాస్త నసిగారు. దానికీ ఓటింగు పెట్టారు. అయ్యగారు ఓడిపోయారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి జీతం తరవాత వేలు అడగడం మొదలైంది. బాప్తిస్మానికి తెచ్చిన చంటిదాని వేలి మీద భావి ఓటరు అని చిన్న చుక్క పెట్టారు. ఆ బిడ్డ వేలు నోట్లో పెట్టుకుంటుందేమోనని నేను ఇంటిదాకా వెనకే నడిచాను.

ప్రసన్నం తాతగారు శనివారం పోయారు. ఆదివారం సాధనకు ఆయన రాలేదంటే శాతం తగ్గుతుంది. జ్ఞానప్రకాశం గారు చాలా సేపు ఆలోచించి, మరణం గైర్హాజరు కిందికి రాదు అని తేల్చి, పెట్టె మూసేముందు ఆయన వేలికి చుక్క పెట్టారు. నూటికి నూరు నిలబడింది. తాతగారిని ఊక గుట్టల పక్కన పెట్టాం. నేను కాలవ వైపు చూస్తూ ఏడ్చాను. నా ఏడుపు ఆయన కోసం కాదని దీనమ్మ ఒక్కదానికే తెలిసింది.

దీనమ్మకు చుక్క లేదు. వెనక బల్ల మీద అది, దాని ఎండుచేపల బుట్ట తప్ప, ఆ వాసనకు మరెవరూ కూర్చునేవారు కాదు. ఆదివారం సంతలో బేరం ముగించుకుని నేరుగా గుడికి వచ్చేది. సాధనకు ఒక్కసారైనా రావే, మన ఇంటి పరువు పోతోంది అని నేను బతిమాలాను.

"చావుకి రిహార్సల్ వేసుకుంటామా అక్కా, ఓటుకెందుకు?" అంది.

వేసుకుంటే మంచిదేనే అన్నాను. నేను రోజూ వేసుకుంటూనే ఉన్నాను.

మరి వంతెన మాటేమిటని మీరు అడగవచ్చు. దాన్ని ఎవరూ మరిచిపోలేదు. వంతెన కోసం మునిసిపల్ ఆఫీసుకు ఇవ్వాల్సిన వినతిపత్రాన్నే జ్ఞానప్రకాశం గారు సాధన అంశంగా పెట్టారు. ఒక వారం 'నూతన వంతెన' అనాలా 'శాశ్వత వంతెన' అనాలా అని ఓటింగు జరిగింది. మరో వారం 'ప్రార్థిస్తున్నాము' అనాలా 'కోరుచున్నాము' అనాలా అని జరిగింది. నేను ప్రతిదానికీ వేశాను. 'నూతన' గెలిచినరోజు పాయసం వండుకున్నాను. అది గెలిస్తే కాలవ మీద ఒక పలక పడ్డట్టే అనిపించింది. వినతిపత్రం మాత్రం వెస్ట్రీ గది దాటలేదు. ఇంకా సవరణలున్నాయి మరి.

ఎన్నికల ముందు సినడు నుంచి చైతన్య డైరెక్టరు గారు తనిఖీకి కారులో వచ్చారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, వంకాయలు ఏరినట్టు ఒక్కొక్కరి వేలూ తిప్పి చూశారు. నా గోరు దగ్గర ఆగి, ఇంత గాఢమైన నిబద్ధతను తాను ఏ సంఘంలోనూ చూడలేదన్నారు. నేను గర్వంతో వేలు ఇంకాస్త ముందుకు చాచాను. న్యాయ సమస్య ఎంతవరకు వచ్చిందని అడిగారు. వినతిపత్రం సవరణల దశలో ఉందని జ్ఞానప్రకాశం గారు మనవి చేశారు.

"తొందరపడకండి. ఫలితం లౌకికం, ప్రక్రియ పవిత్రం," అని డైరెక్టరు గారు మా సంఘానికి ఆదర్శ సంఘం షీల్డు ఇచ్చి, దీనమ్మ దగ్గర ఎండు మెత్తళ్ళు కొనుక్కుని వెళ్ళారు.

పోలింగు గురువారం. దానికి ముందు ఆదివారం ఆఖరి సాధన. అసలు రోజుకి ఎవరి సాధనా చెక్కుచెదరకూడదని జ్ఞానప్రకాశం గారు అందరికీ రెండేసి పూతలు సిరా వేశారు.

గురువారం పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని, కీర్తన పాడుకుంటూ మునిసిపల్ స్కూలుకు వెళ్ళాం. ముందు జ్ఞానప్రకాశం గారు, వెనక అయ్యగారు, ఆ వెనక నేను, నా వెనక సంఘమంతా. అడ్డంగా కట్టిన తాడు అవతల ఇద్దరు అభ్యర్థులూ దండాలు పెడుతూ నిలబడ్డారు. నిచ్చెన గుర్తు బుల్లబ్బాయి గారు కాంట్రాక్టరు. గొడుగు గుర్తు పోసిబాబు సైకిళ్ళ షాపు నడుపుతాడు. ఇద్దరూ మా వరస పొడుగు చూసి దండం ఇంకాస్త పైకెత్తారు.

లోపల సిరా పెట్టే ఉద్యోగి జ్ఞానప్రకాశం గారి వేలు పట్టుకుని, వదిలేసి, పక్కనున్న అధికారిని పిలిచాడు. అధికారి వచ్చి చూశాడు. అయ్యగారిది చూశాడు. నాది చూశాడు. బయటికి వెళ్ళి వరస మొత్తం చూసి వచ్చాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. వేలిపై గుర్తున్న వ్యక్తి చట్టం దృష్టిలో ఓటు వేసిన వ్యక్తి అని చెప్పాడు.

ఇది సాధన సిరా అండీ, ఓటు సిరా కాదు అని జ్ఞానప్రకాశం గారు వివరించారు.

"సిరాకు ఉద్దేశం ఉండదు. ఉనికి మాత్రమే ఉంటుంది," అన్నాడు అధికారి.

జ్ఞానప్రకాశం గారు తన జీవితంలో ఎవరినీ ఇంత మెచ్చుకోలుగా చూడలేదు. తన సిరాకు, ప్రభుత్వ సిరాకు తేడా ఆయన శాస్త్రీయంగా చెప్పబోయారు. తన సిరాయే గట్టిదని కూడా చెప్పారు. అధికారి ఆ మాట రాసుకున్నాడు. ఒక సంఘం మొత్తం నూటికి నూరు శాతం రెండో ఓటుకు రావడం తన సర్వీసులో ఇదే మొదలనీ, కేసు పెట్టాలంటే వ్యానులు చాలవనీ, మర్యాదగా వెళ్ళిపొమ్మనీ అన్నాడు. అయ్యగారు బైబిలు మీద ఒట్టు వేస్తానన్నారు. మీ ఒట్టుకు నా ఫారంలో గడి లేదన్నాడు అధికారి.

స్కూలు కుళాయి దగ్గర చేరి అందరం వేళ్ళు తోమడం మొదలుపెట్టాం. నిమ్మకాయ రుద్దాం. చింతపండు పట్టించాం. ఎవరో కిరసనాయిలు తెచ్చారు. బొప్పాయి పాలు రాశాం. నేను కుళాయి గట్టుకేసి అరగదీశాను. రక్తం వచ్చింది గాని నలుపు రాలేదు. జ్ఞానప్రకాశం గారు మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"పోదమ్మా. పోకూడదనే కదా చేశాను," అన్నారు. ఆ గొంతులో దుఃఖం ఎంతో, గర్వం ఎంతో నేను తేల్చలేను.

మేం అలా వేళ్ళు పట్టుకుని బయటికి వస్తుంటే తాడు దగ్గర అభ్యర్థులిద్దరూ చూస్తున్నారు. కన్నీళ్ళతో, నల్లటి వేళ్ళతో సంఘమంతా బయటికి రావడం చూసి బుల్లబ్బాయి గారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. పోసిబాబు తల దించుకున్నాడు. వాళ్ళు ఏమనుకున్నారో అప్పుడు మాకు తట్టలేదు.

అప్పుడే దీనమ్మ వచ్చింది. నెత్తిన బుట్ట, చేతిలో స్లిప్పు, వేలు వెలుతురులా శుభ్రంగా ఉంది. సంఘంలో ఓటు వేయగల మనిషి అదొక్కతే. ఇన్నాళ్ళూ దాని పక్కన కూర్చోనివాళ్ళంతా దాని చుట్టూ మూగారు. జ్ఞానప్రకాశం గారు బుట్ట దించి పట్టుకున్నారు. ఆయన తెల్లచొక్కా మీద చేపల పొట్టు పడినా దులుపుకోలేదు. నేను దాని చెయ్యి పట్టుకుని, దీనా, నీ బావగారు అవతల ఒక్కడే ఉన్నాడే, ఈ వంతెన నీ చేతిలో ఉంది అన్నాను.

దీనమ్మ నా వేలు చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"సరే అక్కా. ఎవరికెయ్యమంటావు?"

నేను అయ్యగారి వైపు చూశాను. అయ్యగారు జ్ఞానప్రకాశం గారి వైపు చూశారు. ఆయన బుట్టలోకి చూశారు. వంతెన ఎవరు వేస్తారో మాలో ఎవరికీ తెలియదు. నూతన, శాశ్వత అని ఓట్లు వేసుకున్నాం గాని, ఆ ఇద్దరిలో ఒక్కరినైనా, బాబూ, వంతెన వేస్తావా అని ఇన్నాళ్ళలో అడిగినవాళ్ళు లేరు. సంఘం రాజకీయాలకు అతీతమైనది కదా.

దీనమ్మ తాడు దగ్గరికి వెళ్ళి తనే అడిగింది. వంతెనేంటి పిన్నీ, గెలిపిస్తే ఫ్లైఓవరే వేయిస్తా, పైన లైట్లు కూడా పెట్టిస్తా అన్నారట బుల్లబ్బాయి గారు. పోసిబాబు చాలాసేపు గొడుగు బ్యాడ్జీ సర్దుకుని, మునిసిపాలిటీలో డబ్బు లేదమ్మా, వంతెన నావల్ల కాదు, చెరువులవాళ్ళతో మాట్లాడి కంచెలో దారి అడుగుతాను, అదీ గట్టిగా చెప్పలేను అన్నాడట. దీనమ్మ లోపలికెళ్ళి ఓటు వేసి వచ్చి, బుట్ట ఎత్తుకుని చేపల బేరానికి పోయింది. ఎవరికి వేశావే అని అడిగితే చెప్పలేదు.

కొద్ది ఓట్ల తేడాతో నిచ్చెన గెలిచింది.

ఆ ఆదివారం బుల్లబ్బాయి గారు దండలతో, స్వీటు పెట్టెలతో గుడికి వచ్చారు. మైకు తీసుకున్నారు. ఎంతోమంది మాటలు చెబుతారనీ, తాను మాటలు నమ్మననీ, వేళ్ళు నమ్ముతాననీ అన్నారు. ఆరోజు సంఘం సంఘమంతా కన్నీళ్ళతో ఓటు వేసి రావడం కళ్ళారా చూశాననీ, ఈ తేడా మాదేననీ, మా రుణం ఉంచుకోననీ అన్నారు. ఫ్లైఓవరుకు రూల్సు ఒప్పుకోవు గాని, తన గోడౌనులో పాత ఇనుప గర్డర్లు ఉన్నాయి, కాలవ మీద కాలిబాట వంతెన వేయిస్తాను, ఈస్టరు పండుగ లోపల మీ సమాధుల తోటకు వెళ్ళండి అన్నారు.

బలిపీఠం వెనక గోడ మీద 'సత్యము మిమ్మును స్వతంత్రులను చేయును' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేను దానివైపు చూడకుండా ఫ్యాను వైపు చూశాను. చాలామంది ఫ్యాను వైపే చూస్తున్నారు. చిట్టచివరికి ఎవరో స్తోత్రం అన్నారు. అందరం స్తోత్రం అన్నాం.

ఆయన కారు వెళ్ళాక సర్వసభ్య సమావేశం జరిగింది. నిజం చెప్పెయ్యాలి అన్నారు అయ్యగారు. మనం ఆయనకు ఒక్క ఓటూ వెయ్యలేదు, ఇది మోసం అన్నారు. వెనక బల్ల మీంచి దీనమ్మ, మనం మోసం చెయ్యలేదయ్యగారూ, మోసం చెయ్యడానికి కూడా ఏదో ఒకటి చెయ్యాలి కదా అంది.

జ్ఞానప్రకాశం గారు లేచారు. "సత్యం చెప్పాలన్నదానిలో రెండో అభిప్రాయం లేదు. ఎప్పుడు, ఏ స్థాయిలో, ఏ ప్రక్రియ ద్వారా చెప్పాలన్నదే ప్రశ్న," అన్నారు.

అందుచేత సత్యం చెప్పాలా వద్దా అని ఓటింగు పెట్టారు. సిరా కూడా పెట్టారు. నేను అట్టపెట్టెల బూతులోకి వెళ్ళి, కాగితం పట్టుకుని, బయట మనుషులు దగ్గేదాకా నిలబడ్డాను. ఒక పక్క గోడ మీది వాక్యం, ఒక పక్క ఈత రాని మనిషి. దేనికి వేశానో చెప్పను. ఓటు రహస్యం. ఇంత సాధనలో నాకు వంటబట్టింది అదొక్కటే.

సత్యమే గెలిచింది. మంచి తేడాతోనే గెలిచింది. అయితే ఇది విధానపరమైన విషయం గనక, సత్యం చెప్పడానికి ముందస్తు అనుమతి కోరుతూ తీర్మానాన్ని సినడుకు పంపించారు. సినడు నుంచి వెంటనే జవాబు వచ్చింది. తీర్మానం అందిందనీ, పరిశీలనలో ఉందనీ, తుది నిర్ణయం వెలువడే వరకు సంఘం యథాతథ స్థితిని కొనసాగించవలెననీ. అదే కవర్లో ఇంకో కాగితం ఉంది. విశ్వాసుల ఓటు ద్వారా వంతెన సాధించినందుకు అభినందనలు.

పండుగ ముందే వంతెన పూర్తయింది. ఇనుప గర్డర్లు, రెండువైపులా పట్టుకోవడానికి పైపులు. పునరుత్థాన పండుగ తెల్లవారుజామున కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని సంఘమంతా గట్టుకు చేరాం. బుల్లబ్బాయి గారు రిబ్బను కత్తిరించి, పెద్దావిడ ముందు నడవాలి అని నన్ను పిలిచారు. నా ఎడమచెయ్యి పట్టుకుని పైకెత్తి వేలు జనానికి చూపించారు.

"ఇదిగో, నన్ను గెలిపించిన వేలు," అన్నారు.

నాకు గుండెదడ మొదలైంది. సినడు అనుమతి రాలేదు నిజమే, కాని సినడు నా పక్కన లేదు. ఈయన ఉన్నాడు. మంచివాడో కాదో నాకు తెలియదు, ఇనుము మాత్రం మంచిదే వేశాడు. చెప్పెయ్యాలనే నోరు తెరిచాను.

"బాబూ, ఆ వేలు..."

"చెప్పండి మామ్మగారూ."

అవతలి గట్టు మీద మంచు విడుతోంది. తుమ్మచెట్ల కింద తెల్ల సిలువలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి.

"...నొప్పెడుతోంది. వదులు," అన్నాను.

వదిలారు. నేను నడిచాను. వంతెన కొంచెం ఊగింది. మధ్యకు వచ్చేసరికి దీనమ్మ వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. కింద నీళ్ళు పోతున్నాయి. అప్పుడు చెప్పింది, చెవిలో.

"నేను గొడుక్కేశానక్కా. పోసిబాబు అబద్ధమాడలేదు కదాని."

అంటే ఈ వంతెన వేసినాయనకు మా సంఘం నుంచి పడ్డది ఏమీ లేదు. పైగా ఒకటి తగ్గింది. నేను పైపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాను. వెనకవాళ్ళు నాకు కళ్ళు తిరిగాయనుకుని ఆగిపోయారు.

మా ఆయన సమాధి మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. పక్కన నా జాగాలో ఎవరిదో మేక పడుకుని ఉంది. దాన్ని లేపబుద్ధి కాలేదు. గడ్డి పీకి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి ఆయనకు మొదటినుంచీ చెప్పాను. సిరా ఎవరి ఆలోచనో చెప్పాను. వేలు చూపించాను. బుల్లబ్బాయి గారితో ఏం చెప్పబోయి ఏం చెప్పానో అదీ చెప్పాను. ఆ రోజు అట్టపెట్టెల బూతులో దేనికి వేశానో ఆయన ఒక్కడికే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. బతికున్నప్పుడూ అంతే, నేను తప్పు చేసి వచ్చి చెబితే గొంతు సవరించుకుని లాకుల వైపు నడిచేవాడు.

సినడు నుంచి ఇంకా ఏమీ రాలేదు. వాళ్ళు పరిశీలించేలోగా నా గోరు పెరిగిపోతుందేమోనని భయం వేసి ఇది రాసిపెడుతున్నాను. ఏ పొట్లానికి చుట్టుకుని ఎవరి ఇంటికి చేరినా, దయచేసి చివర చింపకండి. చివర ఇంకా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మధ్యలో ఆగాను. అందరూ ముందుకు వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి తుమ్మచెట్ల వైపు చెయ్యి ఊపాను. ఒకసారి కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా. ఇన్నాళ్ళూ ఎవరికి ఊపినా గుండె దడదడలాడేది. ఈసారి ఆడలేదు. మళ్ళీ రావడానికి దారి ఉంది మరి.

గట్టు మీద నిలబడి దీనమ్మ అంతా చూసింది. ఇంతవరకూ పేటలో ఎవరికీ చెప్పలేదు.